మీడియా చట్టాలు చేసే ముందు మనల్ని అడగాలా? అడిగితే ఏ భాషలో, ఎవరిని?

సుబేదారి కెమెరా

చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ఈ చర్చా వేదికలో పాత విలేకరులు, లాయర్లు, కేబుల్ వాళ్లు, చదువుకునే పిల్లలు అందరూ ఉన్నారు కాబట్టి పెడుతున్నాను.

నేను హన్మకొండలో పదకొండేళ్లు ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. ఇప్పుడు నేనూ మా తమ్ముడూ కలిసి యూట్యూబ్‌లో వార్తల ఛానల్ నడుపుతున్నాం. కెమెరా నాది, ఎడిటింగ్ వాడిది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రేటు పడిపోయిన రోజైనా, వానకు హంటర్ రోడ్డు మునిగిన రోజైనా ముందు చేరేది మాలాంటి వాళ్లమే.

2023 నవంబర్ 10న కేంద్ర సమాచార ప్రసార శాఖ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసుల బిల్లు ముసాయిదాను జనం ముందు పెట్టింది. 1995 నాటి కేబుల్ టీవీ చట్టాన్ని తీసేసి దాని స్థానంలో తేవాలనుకున్న బిల్లు అది. 30 రోజుల్లో అభిప్రాయాలు పంపమన్నారు. తర్వాత గడువు 2024 జనవరి 15 దాకా పెంచారు. నేను ప్రింట్ తీయించి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. తెలుగులో లేదు. నా ఇంగ్లిష్ ప్రెస్ నోట్లు చదవడానికి సరిపోతుంది కానీ చట్టం చదవడానికి చాలదు. ఒక్కో క్లాజు మూడుసార్లు చదివి, ఫోన్‌లో అనువాదం చేసుకుని, పక్కన తెలుగులో రాసుకున్నాను. ఆన్‌లైన్‌లో వార్తల కార్యక్రమాలను వృత్తిగానో వ్యాపారంగానో ఒక పద్ధతి ప్రకారం ప్రసారం చేసే వ్యక్తి ఎవరైనా ప్రోగ్రామ్ కోడ్, అంటే ఏది ప్రసారం చేయొచ్చో ఏది చేయకూడదో చెప్పే నియమావళి, పాటించాలని ఒకచోట ఉంది. బ్రాడ్‌కాస్టర్లు కంటెంట్ ఎవాల్యుయేషన్ కమిటీ పెట్టుకోవాలి, అందులో మహిళలు, పిల్లల సంక్షేమం, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీల వంటి వర్గాల నుంచి పేరున్నవాళ్లు ఉండాలి, ఆ కమిటీ సర్టిఫై చేసిందే ప్రసారం చేయాలి అని ఇంకోచోట ఉంది. మేం ఉన్నదే ఇద్దరం. ఈ కమిటీ మాకూ వర్తిస్తుందా? వర్తిస్తే పొద్దున ఏడింటికి జరిగిన యాక్సిడెంట్ వార్త ఎవరు చూసి సర్టిఫై చేయాలి?

ఇదే ప్రశ్న తెలుగులో పేజీన్నర రాశాను. కానీ పంపలేదు. తెలుగులో పంపితే చదివేవాళ్లు ఉంటారా అన్న అనుమానంతో ఆగిపోయాను. ఆ కాగితం ఇంకా నా కెమెరా బ్యాగులోనే ఉంది.

2024 జులైలో రెండో ముసాయిదా తయారైంది. అది జనానికి పెట్టలేదు, కొద్దిమందికే ఇచ్చారని, ఎవరి కాపీ బయటికొస్తే వాళ్లను గుర్తుపట్టేలా వాటర్‌మార్క్ వేశారని పత్రికలు రాశాయి. డిజిటల్ వార్తలు చెప్పేవాళ్లను అందులో ఇంకా గట్టిగా లాగారని వార్తలొచ్చాయి. గొడవ పెరిగాక ఆగస్టు 12న శాఖ వెనక్కి తగ్గి, సంప్రదింపుల తర్వాత కొత్త ముసాయిదా పెడతామని, అభిప్రాయాలకు అక్టోబర్ 15 దాకా సమయమిస్తున్నామని ప్రకటించింది.

నా మాట ఇది. మీడియా మీద చట్టం చేసే ముందు జనాన్ని అడగాలి. తెలుగువాళ్లను తెలుగులో అడగాలి. మనం చెప్పినదానికి జవాబు కూడా చెప్పాలి. మీరేమంటారు?

పాత డెస్క్

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు డెస్క్‌లో కూర్చున్నవాణ్ని. నీ బాధ అర్థమైంది. కానీ నీతో ఏకీభవించలేను.

చట్టం చేయడానికి మనం ఎంపీలను పంపాం. పార్లమెంటులో స్థాయీ సంఘాలు, సెలెక్ట్ కమిటీలు ఉన్నాయి. క్లాజు క్లాజుకూ ఊరూరా అడుగుతూ పోతే ఏ చట్టమూ ముందుకు పడదు. 1995లో ఇంటి మీద డిష్షు, వీధిలో కేబుల్ వైరు ఉన్న రోజుల్లో చేసిన చట్టంతోనే ఇప్పటికీ నెట్టుకొస్తున్నాం. ఆలస్యం వల్ల నష్టపోయేది ఎవరు? తప్పుడు వార్త బారిన పడ్డ మామూలు మనిషే.

ఇంకో సంగతి. అడిగితే పలికేది నీలాంటివాడు కాదు. ఢిల్లీలో ఆఫీసు, జీతానికి పెట్టుకున్న లాయర్లు ఉన్న కంపెనీలు పలుకుతాయి. 2015 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఒక్కో సైటుకు ఒక్కో డేటా చార్జీ వేయొచ్చా అని అభిప్రాయం అడిగితే ఏమైంది? కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే తన ఫ్రీ బేసిక్స్‌ను సమర్థించమని ఫేస్‌బుక్ తన యూజర్లతోనే లక్షలకొద్దీ ఒకేరకం మెయిళ్లు పంపించింది. అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబే లేదని ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. దాన్ని ప్రజాభిప్రాయం అందామా?

కేయూ క్యాంపస్

సార్, ఆ కథలో మీరు చెప్పని సగం కూడా ఉంది. అదే ఏడాది మార్చిలో ట్రాయ్ వేసిన పేపర్‌కు నెట్ న్యూట్రాలిటీ కోసం, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ ఒకేలా చూడాలని, పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. మామూలు జనమే పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేడా చార్జీలను నిషేధించింది. కంపెనీ ఒకే మూసలో పంపించిన మెయిళ్లను పక్కన పెట్టగలిగింది కూడా జనం ముందు అందరి అభిప్రాయాలూ ఉన్నాయి కాబట్టే. అన్నీ దాచి ఉంచితే ఎవరు నడిపించారో మనకు తెలిసేదే కాదు. మెయిల్ ఐడీలతో సహా బయట పెట్టేయడం మాత్రం ట్రాయ్ చేసిన తప్పే, అది ఒప్పుకుంటాను.

కోర్టు రోడ్డు

వరంగల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. కొన్ని విషయాలు ముందు తేల్చుకుంటే వాదన సులువవుతుంది.

అడగాలి అనేది ఇప్పటికే ప్రభుత్వం రాసుకున్న మాట. 2014లో కేంద్రం చట్టానికి ముందు సంప్రదింపుల విధానం తెచ్చింది. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలి. ఎందుకు తెస్తున్నామో, ఖర్చెంతో, ప్రాథమిక హక్కుల మీద, జనజీవనం మీద ప్రభావమేమిటో మామూలు భాషలో ఒక నోట్ ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని, దానికి శాఖ జవాబును వెబ్‌సైట్‌లో పెట్టాలి. చిక్కేమిటంటే అది విధానమే గానీ చట్టం కాదు. కారణం రాసుకుని శాఖ దాన్ని పక్కన పెట్టవచ్చు.

అయితే సమాచార హక్కు చట్టం సంగతి వేరు, అది చట్టమే. సెక్షన్ 4(1)(సి) ఏం చెబుతుంది? జనాన్ని ప్రభావితం చేసే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలి. 4(4) ఇంకా ముందుకు వెళ్లి, సమాచారం అందించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలంటుంది. కాబట్టి తెలుగులో అడగమనడానికి చట్టంలోనే ఆధారం ఉంది.

2016 మేలో కాల్ డ్రాప్‌ల కేసులో సుప్రీంకోర్టు, కాల్ మధ్యలో తెగితే పరిహారం ఇవ్వాలన్న ట్రాయ్ నిబంధనను కొట్టేస్తూ, నియమాలు చేసే ముందు జనాన్ని అడిగే పద్ధతిని అన్నిచోట్లా తెచ్చే చట్టం గురించి పార్లమెంటు ఆలోచించాలని సూచించింది.

భాష గురించి ఒక ముచ్చట చెప్పాలి. 2020లో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఢిల్లీ హైకోర్టు జూన్ 30న, దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి తర్జుమా చేయించమని, గడువు ఆగస్టు 11 దాకా పెంచమని ఆదేశించింది. ఆ 22లో తెలుగు ఉంది. పర్యావరణం విషయంలో కోర్టు అడగగలిగినదాన్ని మాట్లాడే హక్కు విషయంలో మనం అడగకూడదా?

పాత డెస్క్ గారు ఎంపీల గురించి అన్నారు. 2023లో ప్రెస్, పీరియాడికల్స్ రిజిస్ట్రేషన్ బిల్లు 1867 నాటి చట్టం స్థానంలో వచ్చింది. లోక్‌సభ దాన్ని డిసెంబర్ 21న ఆమోదించింది. ఆ వారంలో సస్పెన్షన్లు పెరుగుతూ పోయి, ఆ రోజుకు సభలో సస్పెండైన ప్రతిపక్ష సభ్యులు 100 మంది అయ్యారు. ఆ బిల్లులో మంచి మార్పులు ఉన్నాయి, కాదనను. కలెక్టర్ దగ్గర డిక్లరేషన్ ఇచ్చే పద్ధతి పోయి ఆన్‌లైన్ వచ్చింది. కానీ మన ఎంపీలే మన తరఫున అడుగుతారు అనే మాటకు ఆ రోజు ఎంత బలం ఉందో మీరే ఆలోచించండి.

నర్సంపేట మందుల షాపు

నేను విలేకరిని కాదు, లాయర్‌ను కాదు. మీడియా చట్టం గురించి నాలాంటి వాడు మాట్లాడితే ఎవరైనా వింటారేమో అని రాస్తున్నాను.

రెండేళ్ల కింద ఒక సాయంత్రం ఒకతను మైకు పట్టుకుని షాపులోకి వచ్చాడు. వెనక ఇంకొకతను ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. కౌంటర్ కింద అట్టపెట్టెలో పక్కన పెట్టిన మందులు ఉన్నాయి. డేట్ అయిపోయినవి, కంపెనీకి వాపస్ పంపడానికి కట్టి, మీద ‘వాపస్’ అని స్కెచ్ పెన్‌తో రాసి పెట్టాం. ఆ పెట్టె తెరిచి స్ట్రిప్ మీద తేదీకి కెమెరా దగ్గరగా పెట్టాడు. పెట్టె మీద రాసింది మాత్రం చూపించలేదు. రాత్రికి వీడియో వచ్చింది. ఎర్ర అక్షరాలతో, మా అబ్బాయి ముఖం చుట్టూ గుండ్రంగా గీసి, ‘ప్రాణాలతో చెలగాటం’ అని థంబ్‌నెయిల్. తెల్లారి ఫోన్ వచ్చింది. యాడ్ ఇస్తే తీసేస్తామన్నారు. ఎంతో ఇక్కడ రాయను.

మా ఆవిడ నెలరోజులు షాపు వైపు రాలేదు. అబ్బాయికి సంబంధం చూస్తున్న రోజులు అవి. వాళ్ల వైపు వాళ్లు ఆ వీడియో చూశారు.

మీరందరూ విలేకరులను అడిగారా, ఛానళ్లను అడిగారా, కేబుల్ వాళ్లను అడిగారా అంటున్నారు. నన్ను ఎవరు అడిగారు? వార్త రాసేవాడి సంఘం ఉంది, చూపించేవాడి సంఘం ఉంది. వార్తలో పడ్డవాడికి సంఘం లేదు. నాకైతే గట్టి చట్టం రావాలి, తొందరగా రావాలి.

పాత డెస్క్

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ అన్న రాసింది ఒకటికి రెండుసార్లు చదవండి.

కోర్టు రోడ్డు

అన్నా, మీకు జరిగింది చదివి బాధేసింది. మీ సమస్యకు కొత్త మీడియా చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. పరువు తీస్తామని బెదిరించి డబ్బు లాగడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద నేరం. పరువునష్టం సెక్షన్ 356 కింద వస్తుంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఆ ప్లాట్‌ఫామ్ ఫిర్యాదుల అధికారి 24 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, 2026 ఫిబ్రవరి మార్పుల తర్వాత 7 రోజుల్లో తేల్చాలి. ఆ ఫోన్ కాల్ రికార్డు ఉంటే పోగొట్టకండి.

బిల్లులోని కమిటీ మీకు ఉపయోగపడేది కాదు. మైకు పట్టుకుని బెదిరించేవాడు కమిటీ పెట్టుకోడు. ఎక్కడా రిజిస్టర్ కాడు. పేరు మార్చి ఇంకో ఛానల్ తెరుస్తాడు. కమిటీ బరువు పడేది సుబేదారి కెమెరా లాంటి వాళ్ల మీదే. ఇది ముసాయిదా రాసినవాళ్లకు తెలియాలంటే మీ ఇద్దరి మాటా వాళ్లకు చేరాలి.

నర్సంపేట మందుల షాపు

సెక్షన్లు అప్పుడు తెలియవు సార్. తెలిసినా స్టేషన్‌కు వెళ్లేవాణ్ని కాదు, ఇంకో వీడియో వస్తుందన్న భయం. వీడియో పెట్టే ముందు నా మాట అడిగి ఉండాలి కదా, అది ఎక్కడైనా రాసి ఉందా? నేను అడిగేది అదొక్కటే.

జనగామ కేబుల్

అడగకపోతే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. మేం లోకల్ కేబుల్ ఆపరేటర్లం. ఏళ్ల తరబడి హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి 500 రూపాయలు కట్టి, ఏటా రెన్యూవల్ చేయించుకున్నాం. 2025 జనవరిలో రూల్స్ మారాయి. ఇప్పుడు అంతా ఆన్‌లైన్, ఐదేళ్లకు ఒకేసారి, ఫీజు 5,000. మార్పు చెడ్డదని అనను. ఏటా తిరిగే పని తప్పింది. కానీ నాకు ఈ సంగతి తెలిసింది వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఇంగ్లిష్ పీడీఎఫ్‌తో. రేపు ఇంకా పెద్ద మార్పు వచ్చినా అట్లాగే తెలుస్తుంది.

2014 జూన్‌లో తెలంగాణలో రెండు తెలుగు న్యూస్ ఛానళ్లు కేబుల్‌లో ఆగిపోయినప్పుడు జనం మా ఇళ్ల ముందుకే వచ్చారు. సిగ్నల్ పై నుంచే రావట్లేదు, మా చేతిలో ఏమీ లేదంటే నమ్మలేదు. ఏ చట్టమైనా చివరికి ఇంటి గడప దగ్గర జనానికి జవాబు చెప్పేది మేమే.

పరకాల మోటారు

నేను రైతును. మీడియా సంగతి నాకు తెలియదు. కానీ అడగడం అంటే ఎట్లా ఉండాలో నేను కళ్లారా చూశాను, అది చెబుతాను.

కరెంటు చార్జీలు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. హన్మకొండలో పెట్టినప్పుడు నేను వెళ్లాను. ముందే పేపర్లో ప్రకటన వచ్చింది. నేను మా ఊరి రైతుల తరఫున తెలుగులో ఒక పేజీ చేత్తో రాసి పంపాను. విచారణ రోజు నా పేరు పిలిచారు. పక్కన రిటైరైన ఇంజినీరు ఒకాయన ఉన్నాడు, ఇంగ్లిష్‌లో లెక్కలు చెప్పాడు. నేను తెలుగులో మా బోర్ల సంగతి చెప్పాను. ఆయన్ను విన్నట్టే నన్నూ విన్నారు.

అసలు విషయం తర్వాత జరిగింది. ఉత్తర్వు వచ్చినప్పుడు మా మేనల్లుడు ఫోన్‌లో తెరిచి చూపించాడు. ఎవరెవరు ఏ అభ్యంతరం చెప్పారు, దానికి కరెంటు సంస్థ ఏం జవాబిచ్చింది, మండలి ఏమనుకుంది, ఇవి ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. అందులో మేం చెప్పింది కూడా ఉంది. నేను అడిగినది ఒప్పుకోలేదు. కానీ ఎందుకు ఒప్పుకోలేదో నాలుగు లైన్లలో రాశారు. ఆ నాలుగు లైన్లు మేనల్లుడితో చదివించుకుని, ఊళ్లో మర్రిచెట్టు కింద అందరికీ చెప్పాను. మళ్లీ ఏడాది ఆ నాలుగు లైన్లకు జవాబు తయారు చేసుకుని వెళ్లాను.

మోటారు కరెంటుకు ఇంత పద్ధతి ఉన్నప్పుడు, పొద్దున లేస్తే అందరం చూసే వార్తలకు ఎందుకు ఉండకూడదు?

కోర్టు రోడ్డు

పరకాల అన్న చెప్పినది మంచితనం కొద్దీ చేసే పని కాదు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 64లో ఉంది. జనం సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే మండలి టారిఫ్ ఉత్తర్వు ఇవ్వాలి. చట్టంలో రాశారు కాబట్టే రాసిన ప్రతి కాగితానికీ విలువ వచ్చింది.

దీని పక్కన డిజిటల్ వ్యక్తిగత డేటా బిల్లును పెట్టి చూడండి. 2022 నవంబర్‌లో ముసాయిదా పెట్టారు. 21,666 అభిప్రాయాలు వచ్చాయని ప్రభుత్వమే చెప్పింది. వాటిని బయటపెట్టలేదు. ఎవరు ఏమడిగారో, ఎందుకు కాదన్నారో తెలియదు. 2019 బిల్లులో జర్నలిజం కోసం ఉన్న మినహాయింపు 2022 ముసాయిదాలో లేదు, 2023 చట్టంలోనూ రాలేదు. పైగా అదే చట్టం సెక్షన్ 44(3) సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె)ను మార్చింది. మస్టర్ రోల్‌లో దొంగ పేర్లు పట్టుకోవాలని దరఖాస్తు పెట్టే విలేకరికి ‘ఇది వ్యక్తిగత సమాచారం’ అనే జవాబు ఇప్పుడు ఇంకా సులువుగా రావచ్చు. ఆ మినహాయింపు ఎందుకు పోయిందో ఒక్క పేరాలో జవాబు రాసి ఉంటే, పరకాల అన్నలాగా మనమూ దానికి బదులు తయారు చేసుకునేవాళ్లం.

కేయూ క్యాంపస్

మాది భూపాలపల్లి వైపు. బొగ్గు గని విస్తరణకు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ చిన్నప్పుడు నాన్నతో వెళ్లి చూశాను. 30 రోజుల ముందు నోటీసు, తెలుగులో సారాంశం, వీడియో రికార్డింగ్. చివర్లో ఒక అధికారి లేచి, ఎవరెవరు ఏమన్నారో తెలుగులో పైకి చదివాడు. ఒక ముసలామె మధ్యలో ఆపి, నేను అట్లా అనలేదు బిడ్డా అంది. ఆయన కాగితం మీద దిద్దుకున్నాడు. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లోనే ఉంది, మినిట్స్ అందరికీ చదివి వినిపించాలని.

పాత డెస్క్

అమ్మా, ఆ గని ఆగిందా? ఆగలేదనే అనుకుంటున్నాను. చదివి వినిపించారు, దిద్దుకున్నారు, అనుమతి ఇచ్చారు. నా భయం అదే. అడిగామన్న ముద్ర పడ్డాక ఇంకెవరూ నోరెత్తడానికి వీలుండదు. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వచ్చినప్పుడు సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. అడగకుండా రుద్దారని అందరికీ తెలుసు కాబట్టి జనం దాన్ని ఎదిరించారు. అడిగినట్టు చేసి రుద్దితే ఎదిరించడం కష్టం.

పరకాల తమ్ముడు చెప్పిన పద్ధతి మాత్రం వేరుగా ఉంది. జవాబు రాయాల్సి వస్తే ముద్ర వేసి తప్పించుకోవడం అంత తేలిక కాదు. అడగక్కర్లేదని మొదట అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. జవాబు రాయని సంప్రదింపులు వద్దు అని మాత్రం ఇప్పటికీ అంటాను. అవి లేకపోవడమే నయం.

కోర్టు రోడ్డు

అక్కడ నేను మీతో లేను సార్. జవాబు రాకపోయినా, అడిగినట్టు రికార్డు ఉండటం కోర్టులో పనికొస్తుంది.

కేంద్రం గురించిన వార్తల్లో ఏది తప్పో తేల్చడానికి తెచ్చిన ఫ్యాక్ట్ చెక్ యూనిట్ సంగతి చూడండి. 2023 జనవరిలో ఆన్‌లైన్ గేమింగ్ రూల్స్ ముసాయిదా జనం ముందు ఉంది. జనవరి 17న అందులోకే ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో తప్పుడు వార్త అని తేల్చినదాన్ని ప్లాట్‌ఫాములు ఉంచకూడదు అనే కొత్త విషయం తెచ్చి కలిపారు. గేమింగ్ కోసం తెరిచిన కాగితంలో పత్రికా స్వేచ్ఛ వచ్చి పడింది. పత్రికల వాళ్లు గమనించి అభ్యంతరాలు చెప్పారు. అయినా ఏప్రిల్ 6న కొద్ది మార్పులతో నోటిఫై చేశారు. బొంబాయి హైకోర్టులో 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. మార్చి 20న యూనిట్‌ను నోటిఫై చేస్తే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. సెప్టెంబర్ 20న మూడో న్యాయమూర్తి జస్టిస్ చందూర్కర్ ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. ఇరవై నెలలు పట్టింది. ముందు చెప్పిన అభ్యంతరాలకు అప్పుడే సరైన జవాబు వెతికి ఉంటే ఈ ఇరవై నెలలు అందరికీ మిగిలేవి. తొందరగా చట్టం కావాలనేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

గడువుల సంగతీ అంతే. 2025 అక్టోబర్ 22న కృత్రిమ మేధతో చేసిన వీడియోలకు లేబుల్ వేయాలని, అది కనీసం 10 శాతం జాగాలో కనిపించాలని ఐటీ రూల్స్ ముసాయిదా పెట్టారు. అభిప్రాయాలకు మొదట ఇచ్చిన గడువు నవంబర్ 6. అంటే పదిహేను రోజులు. తర్వాత కొంచెం పెంచారు. పదిహేను రోజుల్లో సుబేదారి తమ్ముడు ఆ కాగితం అనువాదం చేసుకోవడమే పూర్తి కాదు.

జనగామ కేబుల్

పోస్టాఫీసుకు ఏటా వెళ్లాం కదా. ఆ పోస్టాఫీసు గోడకే తెలుగులో ముసాయిదా అంటించినా మాకు తెలిసేది.

కేయూ క్యాంపస్

జనగామ అన్న మాట నాకు బాగా నచ్చింది. భూముల చట్టం విషయంలో మన రాష్ట్రమే చేసింది చూడండి. 2020 రెవెన్యూ చట్టం, ధరణిని తెచ్చినది, సెప్టెంబర్‌లో సభలో పెట్టి రెండు మూడు రోజుల్లో ఆమోదించారు. దాన్ని మార్చే ముసాయిదాను 2024 ఆగస్టులో వెబ్‌సైట్‌లో పెట్టి సూచనలు అడిగారు, డిసెంబర్‌లో భూభారతి బిల్లుగా ఆమోదించారు. భూమి గురించి అడగవచ్చని తేలింది. పత్రికలు, పుస్తకాలు, ముద్రణాలయాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, 39వ అంశం. బ్రాడ్‌కాస్టింగ్ మాత్రం కేంద్ర జాబితాలోది. రాష్ట్రం చట్టం చేయలేకపోవచ్చు గానీ, కేంద్ర ముసాయిదా వచ్చినప్పుడు తెలుగులోకి తర్జుమా చేయించి జిల్లా సమాచార శాఖ ఆఫీసులో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇనుగుర్తి లాంటి ఊరి నుంచి ఒద్దిరాజు సోదరులు 1922లో ‘తెనుగు’ పత్రిక తెచ్చారు. ఢిల్లీకి ఉత్తరం రాయడానికి మనం భయపడుతున్నాం. నాకు ఇది బాధగా ఉంది.

సుబేదారి కెమెరా

అందరివీ చదివాను. రాత్రి బ్యాగులోంచి ఆ కాగితం తీశాను. మడతల దగ్గర చిరిగింది, పెన్సిల్ రాతలు చెరిగిపోయాయి. మళ్లీ తెల్లకాగితం మీద రాస్తున్నాను, తెలుగులోనే.

ముందు రాసినదాంట్లో నా గోడే ఉంది. కమిటీ ఎట్లా పెట్టుకోవాలి, ఖర్చు ఎవరు భరించాలి, ఇవే. నర్సంపేట అన్న రాసింది చదివాక నేను కూడా ఆయన్ను అడగలేదని అర్థమైంది. పదకొండేళ్లలో నేను తీసిన వార్తల్లో ఉన్నవాళ్లను తర్వాత ఎలా ఉన్నారని ఎన్నిసార్లు అడిగానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాకు సంఘం ఉంది, ఆయనకు లేదు అన్న మాట నిజం.

ఇప్పటిదాకా రాసుకున్నవి ఇవి. ముసాయిదా ఎనిమిదో షెడ్యూల్ భాషలన్నిటిలో ఒకేసారి రావాలి, 30 రోజులు ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి. ప్రతి జిల్లాలో కనీసం ఒక బహిరంగ విచారణ ఉండాలి, పేపర్లో ముందే ప్రకటన ఇవ్వాలి. అభ్యంతరం, దానికి శాఖ జవాబు పక్కపక్కన ప్రచురించాలి, కరెంటు ఉత్తర్వులో ఉన్నట్టు. కొత్త విషయం మధ్యలో కలిపితే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాలి. ఇద్దరు ముగ్గురు నడిపే ఛానళ్లకు ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో విడిగా రాయాలి.

అన్నా, వార్తలో పడ్డవాళ్ల గురించి ఒక పేరా కావాలి. అది నేను రాస్తే సరిగా రాదు. మీరే రాసి ఇవ్వండి. ఉన్నది ఉన్నట్టు పెడతాను.

నర్సంపేట మందుల షాపు

షాపు మూసి వచ్చి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి.

“అయ్యా, నేను ఒక చిన్న ఊళ్లో మందుల షాపు నడుపుతున్నాను. నా మీద ఒక వార్త వచ్చింది. పెట్టే ముందు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చట్టం ఏదైనా చేయండి గానీ, ఎవరి మీద వార్త చూపిస్తున్నారో వారి మాట అదే వార్తలో చూపించాలని రాయండి. చూపించకపోతే ఎక్కడ చెప్పుకోవాలో, ఎన్ని రోజుల్లో తేలుస్తారో తెలుగులో రాసి ప్రతి మండల ఆఫీసులో పెట్టండి. మంచిగా వార్తలు చెప్పేవాళ్లను ఇబ్బంది పెట్టకండి. మా వీధిలో డ్రైనేజీ పొంగినప్పుడు వచ్చింది వాళ్లే.”

సుబేదారి కెమెరా

ఒక్క అక్షరం మార్చలేదు అన్నా. మొదటి పేరాగా పెట్టాను, నాది రెండోది. కోర్టు రోడ్డు సార్ సెక్షన్ నంబర్లు చూసి ఇస్తానన్నారు. పరకాల అన్న, జనగామ అన్న సంతకం పెడతామన్నారు. పాత డెస్క్ సార్, ప్రూఫ్ మీరు చూడాలి. రేపు సాయంత్రం ఆరింటికి పబ్లిక్ గార్డెన్ గేటు దగ్గర ఉంటాను.

పాత డెస్క్

వస్తాను. రెండో పేజీకి కూడా మార్జిన్ వదిలి ప్రింట్ తీయించు, దిద్దడానికి జాగా ఉండాలి.